'ఫాలవుట్' ఆటలు: ప్రళయం తర్వాత నీళ్లెవరివి?

వీడియో గేమనగానే మన అధ్యాపకమిత్రులు చాలామంది మొహం చిట్లిస్తారు. నిన్నమొన్నటిదాకా నేనూ ఆ జట్టులోవాణ్ణే. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివినవాడికి తుపాకుల ఆటతో యేం పని అనుకునేవాణ్ణి. మార్కాపురంలో నా విద్యార్థి వొకడు వొక సాయంత్రం తన పాత కంప్యూటరు ముందుకు కుర్చీ లాగి, "నీళ్ల కథ సార్, మనదే" అన్నాడు. కూర్చున్నాను.

'ఫాలవుట్' అంటే అణుబాంబు పేలాక ఆకాశం నుంచి రాలే విషధూళి. మొదటి ఆటను అమెరికాలో ఇంటర్‌ప్లే సంస్థ 1997లో విడుదల చేసింది. ఆ పని మొదలుపెట్టినవాడు టిమ్ కెయిన్. అదే సంస్థ 1988లో తయారుచేసిన 'వేస్ట్‌లాండ్' దీనికి పూర్వరూపం. కథ భవిష్యత్తుది. చమురు అడుగంటిన లోకంలో అమెరికా, చైనాలు కొట్లాడుకుంటాయి. 2077 అక్టోబరు 23న భూమి బూడిదవుతుంది. వాల్ట్-టెక్ అనే కంపెనీ తవ్విన నేలమాళిగలలో చోటు దొరికిన కొద్దిమంది బతికిపోతారు. వారి మునిమనుమల కాలంలో 13వ నేలమాళిగలో నీటిని శుద్ధిచేసే యంత్రపు చిప్పు చెడిపోతుంది. 150 రోజులలో మరొకటి వెతికి తేవాలి. అందుకు బయటికి వెళ్లే మనిషి మనమే.

నాటకంలో పాత్ర పలికే మాట ముందే రాసి వుంటుంది. యిక్కడ మూడు నాలుగు మాటలలో యేది పలకాలో, యే దారిన నడవాలో, యెవరి పక్షం చేరాలో ఆడేవాడి యిష్టం. చివరి శత్రువును సైతం తుపాకి యెత్తకుండా, సాక్ష్యం చూపి వాదించి వోడించవచ్చు. మన వృత్తివారికి యిది కొంత వూరట!

దారిలో హబ్ అనే పట్టణం వుంది. అక్కడి నీటి వర్తకులకు డబ్బిస్తే మన నేలమాళిగకు నీళ్లు తోలిస్తారు. గడువు 100 రోజులు పెరుగుతుంది. ఆ లోకంలో నాణెం సీసామూత. దాని విలువకు పూచీ ఆ వర్తకుల నీళ్లే. యీ ఘట్టం అర్థం కావడానికి మా ప్రాంతంవాడికి వ్యాఖ్యానం అక్కరలేదు. మార్కాపురం, గిద్దలూరు నేలల్లో బోరు వేస్తే ఫ్లోరైడు. వేసవి వస్తే ట్యాంకరు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల తవ్వకం పూర్తికావడానికి 2024 దాకా పట్టింది. తొలిసారి నేనూ నీళ్లు కొన్నాను. మావాడు నవ్వాడు. మొదటి విడుదలలో ఆ నీళ్లు కొంటే శత్రువులు నేలమాళిగ జాడ తొందరగా పసిగడతారట.

1998 నాటి రెండవ ఆటలో అసలు గుట్టు బయటపడింది: ఆ నేలమాళిగలు జనాన్ని కాపాడటానికి కాదు, వారిమీద ప్రయోగాలు చేయడానికి కట్టినవి. తర్వాత ఇంటర్‌ప్లే చితికిపోయింది. 2007లో బెథెస్డా సంస్థ 57 లక్షల 50 వేల డాలర్లకు హక్కులు కొనేసింది. 2008లో వచ్చిన మూడవ ఆట వాషింగ్టన్ శిథిలాలలో నడుస్తుంది. అక్కడా పోరు పొటోమాక్ నీటిని శుద్ధిచేసే పథకం చుట్టూనే. ఎక్స్‌బాక్స్ యంత్రానికి ఆ ఆటను మైక్రోసాఫ్ట్ మనదేశంలో విడుదల చేయలేదు. సాంస్కృతిక సున్నితత్వం అని మాత్రం అన్నది. ఆటలోని రెండు తలల ఆవు పేరు 'బ్రాహ్మిణ్' కావడమే కారణమని చాలామంది వూహించారు.

నా దృష్టిలో ఉత్తమమైనది 2010 నాటి 'న్యూ వెగాస్'. అబ్సిడియన్ సంస్థ తయారుచేసింది. హూవర్ ఆనకట్ట యెవరి చేతిలో వుంటే నీరూ కరెంటూ రాజ్యమూ వారివి. దానికోసం పన్నులు పిండే రిపబ్లిక్కు, జూదగృహాల యజమాని వొకడు, బానిసల సైన్యంతో సీజరు కొట్లాడుతారు. ఆ సీజరు తన దండయాత్రను హెగెల్ గతితర్కంతో సమర్థించుకుంటాడు! రిపబ్లిక్కు వాదమట, తాను ప్రతివాదమట. హెగెల్‌ను మార్క్సు యెందుకు కాళ్లమీద నిలబెట్టవలసి వచ్చిందో తరగతిలో చెప్పడానికి యింతకన్న మంచి వుదాహరణ నాకు దొరకలేదు.

నాలుగవది (2015) చూడ ముచ్చటగా వుంటుంది, మాటల యెంపిక పలచబడింది. 2018 నాటి 'ఫాలవుట్ 76' వెస్ట్ వర్జీనియా బొగ్గుగనులది. యంత్రాలు తమ పని లాక్కుంటే కార్మికులు తిరగబడ్డ వైనం అందులో వుంది. అయితే అదంతా చచ్చినవారి పక్కన దొరికే కాగితాలలో. విడుదలైనప్పుడు పలకరించడానికి కథలో బతికిన మనిషే లేడు. యీ ఆటల లోపం మొదటినుంచీ అదే. దోషి కంపెనీయేనని ధైర్యంగా చూపుతాయి. లోకాన్ని చక్కదిద్దే పని మాత్రం వొంటరి వీరుడికి అప్పజెబుతాయి. వూరి జనం వాకిట్లో నిలబడి అతని కోసం యెదురుచూస్తుంటారు. కంపెనీని యెగతాళి చేసే యీ ఆటల హక్కులూ 2021లో బెథెస్డాతోబాటు మైక్రోసాఫ్ట్ చేతికి పోయాయి. 2024లో టెలివిజన్ ధారావాహిక కూడా వచ్చింది.

కొత్తవారు 'న్యూ వెగాస్'తో మొదలుపెట్టి, పిమ్మట 1997 ఆటకు వెనక్కు వెళ్లడం మేలు. ఆటలో చదవవలసింది చాలా వుంది, అంతా ఇంగ్లీషులో. మావాడు తెలుగు మాధ్యమంలో చదివినవాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆడతాడు. యిప్పుడు సందేహం వచ్చినప్పుడల్లా నాకు ఫోను చేస్తున్నాడు.