తాళముల జోడు

శావల్యాపురమునకు దాపుననున్న వినుకొండ పేరు వినగానే మనకు వల్లభరాయని క్రీడాభిరామము స్మరణకు వచ్చును. (అది శ్రీనాథునిదను వాదమును కలదు.) ఓరుగల్లు వీథిలో పలనాటి వీరుల కథను ఒక స్త్రీ పాడుట అందు చూతుము. అట్టి పాటకు లయయే ప్రాణము.

ఈజిప్టు నర్తకి 'సాగాత్' అను చిరుతాళములను తన వ్రేళ్లకే తగిలించుకొని ఆడును. మన కూచిపూడివారి పద్ధతి వేరు. గజ్జెలు ఆడువారి కాళ్లకు, తాళములు సూత్రధారుని చేతికి. సంబెట గురవరాజు దౌర్జన్యమును ఈ భాగవతులు విజయనగరమున వీరనరసింహరాయల యెదుట ఆడి చూపిరని మాచుపల్లి కైఫీయతు చెప్పును. అది 1502 ప్రాంతపు మాటయందురు. నాడు తాళము పట్టినవాని చేయి తడబడియున్నచో ప్రజల మొర ఏమైయుండెడిదో!

నట్టువాంగపు జోడులో సాధారణముగా ఒకటి ఇత్తడిదో కంచుదో, రెండవది ఉక్కుది. క్రొత్తగా నేర్చువారు రెంటిని చప్పట్లవలె బోర్లించి కొట్టుదురు. గాలి చిక్కి నాదము చచ్చును. అంచును అంచుకు ఏటవాలుగా తాకించి వెంటనే విడువవలెను. మొదట విలంబమే మేలు. తొందరపడినచో ఆడుపిల్ల అడుగు తప్పును, నింద ఆమెకు వచ్చును.

నేడు ముద్రిత సంగీతముతో ఆడు సభలు పెరిగినవి. నర్తకి అలసట యంత్రమునకు తెలియదు; తాళధారి కనిపెట్టి సర్దుకొనును. అందుచే జోడును కాపాడుకొనుట మనకు అవసరము. వాయించిన పిదప చెమటను పొడిగుడ్డతో తుడిచి మూటకట్టవలెను. చింతపండుతో తోమునపుడు త్రాడు విప్పి, ఆరిన తరువాతనే ముడివేయవలెను. నలిగిన త్రాటిని ప్రదర్శనకు ముందురోజే మార్చుదురు.