పొత్తిగుడ్డల పుట్టుపూర్వోత్తరములు

అప్పుడే పుట్టిన బిడ్డకు కట్టవలసిన వస్త్రమెట్టిది, దానిని బిగియింపవలెనా వదులుగా నుంచవలెనా యను ప్రశ్నపై దాదాపు రెండువేల యేండ్లుగా వైద్యులును, మంత్రసానులును, తుదకు తత్త్వవేత్తలును వాదులాడుచు వచ్చిరన్నచో మన ముసలమ్మలు నవ్వుదురు. ఏలనన, ఏండ్ల తరబడి ఉతుకగా ఉతుకగా మెత్తబడిన నేతచీరనో పంచెనో చింపి, పురుడు రాకముందే ఎండలో ఆరవేసి, మడిచి దాచియుంచిన ఆ పెద్దలకు ఈ విషయమున సందేహమే కలుగలేదు. కొత్తబట్టలోని గంజియు, గరుకుదనమును పసిచర్మమునకు సరిపడవని వారికి ఎవరును చెప్పనక్కఱలేకపోయెను.

ఈ ఆచారమునకు శాస్త్రబలము లేకపోలేదు. చరకసంహిత శారీరస్థానమున శిశువు పడకయు, పఱపును, కప్పుడు వస్త్రములును మృదువుగను, తేలికగను, శుచిగను, పరిమళయుతముగను ఉండవలెననియు, చెమటయు మలమూత్రములును సోకినవానిని విడిచిపెట్టవలెననియు విధింపబడినది. వేఱు వస్త్రములు దొరకనిచో వానినే చక్కగా ఉతికి, ధూపము పట్టి, బాగుగా ఆరిన పిమ్మట వాడవచ్చునని గ్రంథకర్త వెంటనే సడలింపు నిచ్చినాడు. పేదయింటి కష్టము నెఱిగిన వైద్యుని మాట యిది. ఆ ధూపద్రవ్యములలో యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మాత్రమే గాక పాము కుబుసము కూడ కలదు! అయినను ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి యున్నది: ఈ ధూపము విధింపబడినది వస్త్రములకును పడకకును. మన యిండ్లలో నీళ్లుపోసిన పిదప సాంబ్రాణి పొగను బిడ్డకే పట్టు వాడుక యున్నది. పొగ పసివాని ఊపిరితిత్తులకు హానికరమని నేటి శిశువైద్యులు దానిని వారించుచున్నారు. ఈ తగవున చరకుని వాక్యము వైద్యుల పక్షముననే యున్నదని నా తలంపు.

పాశ్చాత్యుల చరిత్ర వేఱొక దారిని నడచినది. క్రీ.శ. రెండవ శతాబ్ది ఆరంభమున రోమునగరమున వైద్యము చేసిన ఎఫెసస్ వాసి సొరానస్, మూడు నాలుగు వ్రేళ్ల వెడల్పుగల ఉన్నిపట్టీలతో శిశువు అవయవముల నొక్కొక్కటిగా చుట్టి, పిమ్మట దేహమంతయు నొక్కటిగా కట్టు విధానమును సవిస్తరముగా వ్రాసియున్నాడు. లేత ఎముకలు వంకర పోకుండ తీర్చిదిద్దవలెనను నమ్మకమే దీనికి మూలము. ఆ నమ్మకము యూరపును పదునాఱు శతాబ్దులకు పైగా ఏలినది. ఫ్లారెన్సు నగరమున అనాథశిశు శరణాలయపు ముఖభాగమున పదునైదవ శతాబ్ది చివర శిల్పి ఆంద్రెయా దెల్లా రొబ్బియా నీలి వర్తులములలో నిలిపిన పసిబిడ్డలు, మనోహరమూర్తులే యైనను, పట్టీలతో చుట్టబడియే కనిపింతురు.

ఈ బంధనముపై గట్టిగా తిరుగబడినవాడు విలియం కాడొగన్. 1748లో లండను అనాథశిశు శరణాలయాధికారులలో నొకరికి వ్రాసిన లేఖారూప వ్యాసమున ఆ వైద్యుడు, బిగుతైన పట్టీలును బట్టల బరువును శిశువును బలహీనపఱచుచున్నవనియు, వదులుగా కట్టిన స్వల్పవస్త్రములే చాలుననియు వాదించెను. పదునాలుగేండ్లకు, 1762లో, తత్త్వవేత్త రూసో తన ‘ఎమీల్’ గ్రంథమున ఆ వాదమునకే నిప్పు రగిల్చెను. పనితొందరలో దాదులు పట్టీలు చుట్టిన బిడ్డను మేకునకు తగిలించి పోవుదురని ఆయన చేసిన అభియోగము నేడు చదివినను ఒడలు గగుర్పొడుచును. కన్నబిడ్డలను తానే అనాథాశ్రమము పాలు చేసినవాడు ఇట్లు వ్రాయుట విచిత్రమే. చెప్పినవాడు ఎట్టివాడైనను మాట మాత్రము మంచిదే.

కాడొగన్ ఎఱుగని కారణమును తరువాతి వైద్యము కనుగొన్నది. గర్భమున కాళ్లు ముడుచుకొని యుండిన శిశువునకు వానిని బలవంతముగా చాచి కట్టినచో తుంటికీలు తప్పవచ్చును. జపానులో 1975 ప్రాంతమున అట్లు కట్టవలదని తల్లులకు బోధింపగా ఆ వ్యాధి మిక్కిలి తగ్గినది.

ఇక చుట్టిన గుడ్డ జాఱకుండ పట్టు పిన్నీసు కథ యొక చిన్న ముచ్చట. న్యూయార్కు వాసి వాల్టర్ హంట్ 1849లో దానికి పేటెంటు పొంది, ఆ హక్కును 400 డాలర్లకే అమ్ముకొనెను. తరతరముల లంగోటిగుడ్డలను అదే పట్టి నిలిపినది.

ఈ చరిత్రనంతటిని చూచినచో చుట్టుట తప్పు కాదు, బిగించుట తప్పు. పుట్టిన వెంటనే తడి నొత్తి ఆరిన మెత్తని గుడ్డ చుట్టుట అత్యవసరము, ఏలనన తడిసిన చిన్నదేహము వేడిమిని శీఘ్రముగా కోల్పోవును. పిమ్మట చుట్టినప్పుడెల్ల తుంటియు మోకాళ్లును కదలునట్లు వదులుంచి, వెల్లకిల పరుండబెట్టవలెను; బొర్లపడు యత్నము కనబడినంతనే చుట్టుట మానవలెను. మెడ వెనుక చెమట పట్టినచో బట్ట లెక్కువైనట్లే. నిద్రించు బిడ్డ మొగముపైకి జాఱు దుప్పటిని గాని, ఇంటిలోపల టోపీని గాని ఉంచరాదు. ఇక చేతితొడుగులును మేజోళ్లును తొడుగు తల్లులారా, ముందుగా వానిని తిరగవేసి వ్రేలాడు దారములను కత్తిరింపుడు. ఒక్క పోగు చుట్టుకొన్నను పసివ్రేలికి రక్తప్రసారము నిలిచిపోవచ్చును.