పద్మనాభ యుద్ధానంతర వ్యాకరణము

గోస్తనీ తీరమున, అనంతపద్మనాభస్వామి కొండ చెంత, 1794 జులై 10న విజయనగర ప్రభువు చినవిజయరామరాజు ఆంగ్లేయుల ఈస్టిండియా కుంపిణీ సేనలతో పోరి నేలకొరిగిన పిమ్మట, ఈ సీమకు దొరల పాలనయు, దాని వెంబడి దొరల భాషయు, ఆ భాష వెనుక దాని వ్యాకరణమును ఒకటొకటిగా వచ్చి చేరినవి. యుద్ధము ఒక్క పూటలో ముగిసినది. వ్యాకరణముతోడి పెనుగులాట నేటికిని ముగియలేదు.

ఆ పెనుగులాటకు ఒక్క ఉదాహరణము: నామమును వర్ణించునది విశేషణము, క్రియను వర్ణించునది క్రియావిశేషణము అని వల్లించుట సులభమే. 'వేగమైన గుఱ్ఱము', 'వేగముగా పరుగెత్తెను' అనునపుడు 'ఐన', 'గా' యనునవి రెండును 'అగు' ధాతువునకు పుట్టిన తోబుట్టువులే గనుక మన బాలునికి తబ్బిబ్బు కలుగదు. ఆంగ్లమున నట్లు గాదు. 'క్విక్' అనునది 'క్విక్లీ' యగును గాని, 'ఫాస్ట్' రెండుచోట్లను మార్పులేక నిలుచును. ఏలయన ప్రాచీనాంగ్లమున విశేషణము తుదను 'ఎ' అను అచ్చు చేర్చి క్రియావిశేషణము చేసెడివారు, కాలక్రమమున నా యచ్చు లోపింపగా రెండు రూపములు నొక్కటియైనవి. 'లీ' యన్ననో, శరీరము, ఆకృతి యను అర్థముగల పూర్వపదపు అవశేషము. కావుననే 'ఫ్రెండ్లీ' విశేషణమై కూర్చున్నది. కష్టపడి చదివితినని చెప్పబోయి 'హార్డ్లీ' యని వ్రాసిన విద్యార్థి, దాదాపు చదువనే లేదని తానే యొప్పుకొన్నవాడగును, పాపము!

దొరలకును మన భాషతో నిట్టి యవస్థ తప్పలేదు; 1816లో కాంప్‌బెల్, 1840లో బ్రౌను తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున ప్రకటించిరి.