ఒత్తు : సన్నాయిమేళమున మఱుగుపడిన శ్రుతివాద్యము

మంగళవాద్యమును మన తెలుగువారు సన్నాయి యందురు. ద్రావిడదేశమువారు నాగస్వర మందురు. నేటి సభాహ్వానపత్రములందు నాదస్వర మని యచ్చుపడుచున్నది. ఈ మూడు పేరులును ఒక్క వస్తువునకే చెల్లునా, వేఱువేఱు వస్తువులకు జెల్లునా యను సంశయము నిఘంటువు విప్పినపుడెల్ల బొడముచునే యుండును. పేరులపై వాదము చాల జరిగినది. కాని యా మేళముననే వెనుకగా గూర్చుండి, ఒక్క స్వరమును బట్టి, ఊరేగింపు ముగియుదాక విడువక యూదుచుండిన మఱియొక వాద్యము, ఒత్తు, వాదములోనికి రాకయే మఱుగుపడుచున్నది. దానింగూర్చి కొంత విచారించుటయే నా యుద్దేశము. జగ్గయ్యపేట, నందిగామ తాలూకాలు 2022వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినవి; ఐనను పూర్వకృష్ణామండలపు మెరకసీమ యనియే మాకు వాడుక. ఉదాహరణములు చాలవఱకు నా సీమవే.

ముందు పేరుల సంగతి. సన్నాయి యనునది పారసీకమగు షహ్నాయి శబ్దమునుండి వచ్చిన యన్యదేశ్యము. సన్నని గొంతు గలది గావున సన్నాయి యని కొందఱు చెప్పు వ్యుత్పత్తి చెవికింపుగా నున్నది గాని, మిగిలిన యాయి యేమగునో వారు చెప్పరు. ఇక నాగస్వర మనగానే మా సీమలో బాములవాని బుఱ్ఱ తలపునకు వచ్చును. దేవాలయపు వాద్యము రాదు. దానిని నాగమునకు బ్రియమగు స్వర మని షష్ఠీసమాసముగా జెప్పుకొన్నచో స్వరశబ్దము పుంలింగము. నాగస్వరః అని కావలెను. వాద్యమునకు విశేషణముగా బహువ్రీహి చేసినచో నపుంసకము. నాగస్వరమ్ అని కావలెను. తెలుగున అకారాంత తత్సమములగు నమహద్వాచకములు ముగాగమమునే పొందును గాన నాగస్వరము అను రూపమును జూచి యిది యే సమాసమో తేల్చుటకు వీలులేదు. నాదస్వరమున నీ చిక్కు గలుగుటయే గాక, నాదము స్వరము నను రెండును దగ్గఱి యర్థముగలవే యగుటచే బునరుక్తి వంటిది తోచును. ద్రావిడదేశముననే యది యిరువదవ శతాబ్దమున బ్రబలిన పేరు. సొగసైన పేరే, ప్రాతపేరు మాత్రము గాదు.

పేరు లెట్లున్నను వస్తుభేదము స్పష్టము. పాములవాని బుఱ్ఱలో సొరకాయలోపల నొక్కొక్క గొట్టమునకు నొక్కొక్క నాలుకయే యుండును. ఊదువాని పెదవి దానికి దగులదు. సన్నాయికి రెండు రెల్లుపొరలు, రెండు పెదవులవలె, ఒకదాని కొకటి యభిముఖముగా గట్టబడి, సన్నని లోహపు గొట్టమునకు దొడుగబడియుండును. దీనినే పీక యందురు. ఊదువాడు దీనిని తన పెదవులనడుమ బట్టి, వాని యొత్తిడిచేతనే స్వరమును పెంచి తగ్గించి, గమకము నిచ్చును. గొట్టము పైన సన్నమై క్రిందికి బోను బోను వెడల్పగుటచే, గాలి గట్టిగా నూదినపుడు స్వరము సరిగా దారస్థాయికి లేచును. మన వాడుకలో సన్నాయినొక్కు లను పలుకుబడి యున్నది గదా! పైకి మెత్తగా బలుకుచు లోన ములుకు గుచ్చువారి మాటల కీపేరు పెట్టినవాడు సన్నాయిని దగ్గఱనుండి విన్నవాడే యైయుండును.

శబ్దము పారసీక మైనంతమాత్రమున వస్తువుగూడ బారసీకమే యని చెప్పుట సాహసము. పదుమూడవ శతాబ్దమున దేవగిరి సింఘణుని యాశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున వాద్యాధ్యాయమందు మధుకరి యను సుషిరవాద్యము చెప్పబడినది. అది కొమ్ముతోగాని కొయ్యతోగాని చేయదగినది, కాహళవలె నుండును, ఏడు స్వరరంధ్రములు గలది, ముఖమున రాగిగొట్టము, దానిపై రెల్లుజాతితో జేసిన మెత్తని పీక. ఈ లక్షణము చదివి మన సన్నాయిని దలంపనివా రుండరు. ఆ గ్రంథమునకు సంగీతసుధాకర మను వ్యాఖ్య సింహభూపాలుని పేర వెలసినది. ఆయన రాచకొండ నేలిన రేచెర్లవాడు. రాచకొండ జగ్గయ్యపేట కేమంత దూరము గాదు. కావున బదునాల్గవ శతాబ్దమునాటికే యీ లక్షణము మన ప్రాంతమున జదువబడుచుండె ననుట నిస్సందేహము. ఐతే మధుకరికి దోడుగా నేకస్వరమును బట్టు వేఱొక మధుకరి యుండవలెనని యచట విధి యున్నట్లు నాకు దోపలేదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళియే గాక వాద్యరత్నావళియు రచించె నందురు. అది దొరకియుండిన నీ సంగతి మఱికొంత తేటపడియుండును.

ఒత్తు చూచుటకు సన్నాయివలెనే యుండును. సాధారణముగా గొంచెము పొడవు. దానికి వ్రేళ్ళతో మూయు రంధ్రములు లేవు. అడుగుభాగమున మాత్రము నాలుగైదు రంధ్రము లుండును; వానిని మైనముతో గొంతవఱకో పూర్తిగనో మూసి శ్రుతిని సరిచేయుదురు. మూసినకొలది శ్రుతి తగ్గును, తెఱచినకొలది హెచ్చును. అఱవమున ఒత్తు అనుమాట సరిపోవు, కలిసియుండు నను ధాతువునకు జేరినది. మన తెలుగున ఒత్తు ధాతువునకు నొక్కు అను నర్థమే ముందుగా దోచును. వ్రాతలో హల్లుక్రింద నిలిచి పలుకును బలపఱచు గుర్తునకును అదే పేరు. వ్యుత్పత్తి కివి సాధకములు గావు గాని, క్రింద నుండి పైదానికి బలమిచ్చునది యను భావ మీ వాద్యమునకు జక్కగా గుదిరినది.

ఒక్క స్వరమే యూదుట యేమి విద్య యని యడుగువా రుండవచ్చును. ఆ స్వరము తెగరాదు. ఊపిరి తీసికొను వేళగూడ ధ్వని నిలువరాదు. అందుకు బుగ్గలలో గాలి నిలిపి, దానిని మెల్లగా వాద్యములోనికి ద్రోయుచు, ఆ క్షణముననే ముక్కుతో నూపిరి పీల్చుకొనవలెను. మేళమున జేరిన పిల్లవానికి మొదట నిచ్చునది యొత్తే. వాడు నెలలతరబడి, ఒక్కొక్కచో నేండ్లతరబడి, గురువు వెనుక గూర్చుండి యాధారషడ్జమమును బట్టి, రాగములను వినుచుండును. శబ్దమంజరి వల్లింపక కౌముది ముట్టని మా చదువువంటిదే యిది. పిల్లవాడు తా నెఱుగకయే రెండు విద్యలు నేర్చుకొనును: ఊపిరి నిలుపుట, ప్రతిస్వరమును షడ్జమముతో దూచుట. శ్రుతి మించి రాగాన బడు టను మన సామెతకు మూలమైన తప్పు, ఒత్తు పట్టి పెరిగినవానివలన జరుగుట యరుదు.

ఇరువదవ శతాబ్దమున నొత్తునకు మాఱుగా దిత్తులతో నూదు శ్రుతిపెట్టె వచ్చినది. అందును నాలుక లున్నవి గాని యవి లోహపు నాలుకలు; పెదవి తగులదు. తరువాత విద్యుచ్ఛక్తితో బలుకు శ్రుతిపెట్టె వచ్చినది. ఖర్చు కలిసివచ్చినది, ఒక మనుష్యుని కూలి తగ్గినది. మేళగాండ్రను నిందించుట న్యాయము గాదు. బ్యాండుమేళములును, క్లారినెట్లును, కీబోర్డులును బెండ్లిపందిళ్ళ నాక్రమించినపుడు, నలుగు రైదుగురితో మేళము నడపుటయే వారికి భారమైనది. కాని ధ్వని మాఱినది. ఒత్తును సన్నాయియు నొకే జాతి కొయ్య, ఒకే జాతి పీక; రెంటినుండియు వెడలు నుపస్వరము లొక్కటే. అందుచే బ్రధానవాద్యము షడ్జమముమీద నిలిచినపుడు రెండు నేకమై, ఏది యేదో తెలియక, ధ్వని యొక్కసారిగా విస్తరించినట్లు తోచును; కొంచెము తప్పినచో సన్నని యలలు పుట్టును. శ్రుతిపెట్టెతో నట్టి కలయిక గలుగదు. అది ప్రక్కన నుండును, లోన నుండదు.

మా సీమలో సంక్రాంతికి వచ్చు గంగిరెద్దులవారి సన్నాయి కొత్తు లేదు. పొట్టి సన్నాయి, హెచ్చుశ్రుతి, వీథిచివఱనుండి వినబడవలెనను నూదుడు, సినిమాపాటలే యెక్కువ. దానిని దక్కువ చేయను. పాటకు దోడు లేకపోవుటచే నాతడు షడ్జమమును మాటిమాటికి దానే పట్టి చూపి మరల బాటలోనికి బోవును. ఒత్తు లేనిచోట దాని పని సన్నాయియే చేసికొనుచున్న దన్నమాట.

ఇంతలో బశ్చిమదేశముల సంగతి వినదగినది. అచటి సన్నాయికి ఒబో యని పేరు. పరాసుభాషలో బిగ్గఱగా బలుకు కొయ్య యని దాని మూలార్థము. వాద్యగోష్ఠి యారంభమున నందఱును శ్రుతి చేసికొనునది యొబో యిచ్చు స్వరముతోనే. అనగా నొక నిమిషముపా టది యొత్తు పని చేయును. ఆ కుటుంబమున నరుదైన వాద్యములు గలవు. ఒబో దామూర్ అనునది బాకు పండితుని కాలమున వాడుకలో నుండి, పిమ్మట నూఱేండ్లకు బైగా మూలబడి, మరల లేచి 1928లో రవేల్ రచించిన బొలేరోలో వినబడినది. మందరస్థాయిలో బలుకు హెకెల్‌ఫోను 1904లో బుట్టి, మఱుసటియేడే స్ట్రౌస్ రచించిన సలోమే నాటకమున జేరినది. వీనికంటె మనకు ముఖ్యమైనది 1969లో ఇటలీవాడగు బెరియో, హైంజ్ హోలిగర్ అను స్విట్జర్లండు విద్వాంసుని కొఱకు రచించిన యేడవ సెక్వెంజా. అందు ఒబో యొంటిగా నెన్నివిధముల బలుకునో యన్నివిధముల బలుకును. అది పలుకుచున్నంతసేపును, రంగస్థలమునకు వెలుపల, కంటికి గనబడక, ఒక్క స్వరము సన్నగా నెడతెగక మ్రోగుచుండును. ఆ స్వరమును జర్మనులు హెచ్ అను నక్షరముతో వ్యవహరింతురు. హోలిగర్ పేరునకు మొదటి యక్షర మదియే. ఆయన గూడ మన యొత్తువానివలె బుగ్గలతో నూదుచు ముక్కుతో బీల్చు విద్యను సాధించినవాడు. మనము బరువని దింపుకొన్న దానిని వారు నూతనసంగీత మని యెత్తుకొన్నారు. వారు మననుండి నేర్చిరని నే ననను. మన మెత్తుకొని తిరిగినది యెట్టిదో వారివలన దెలియుచున్న దని మాత్రమే యనుచున్నాను.

ఆంధ్రదేశమున సన్నాయి నశింపలేదు సరిగదా, కొన్నియెడల ఖ్యాతి మీఱినది. ఒంగోలుకడ కరవదిలో 1924లో బుట్టిన షేక్ చినమౌలానా సాహేబుగారు చిలకలూరిపేట ఆదం సాహేబుగారికడ నేర్చి, పిమ్మట నాచ్చియార్‌కోయిల్ సోదరులకడ దంజావూరు బాణి నభ్యసించి, శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీతకళానిధి బిరుదము నందిరి, 1999లో బరమపదించిరి. మహమ్మదీయులు వంశపారంపర్యముగా హరిహరుల కోవెలల నూదుట మన దేశపు విశేషము. ఆ వరుసవారే మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. తిరుపతిలో దేవస్థానమువారి నాదస్వర డోలు పాఠశాలయు నడచుచున్నది. ఐతే యీ యభివృద్ధి యంతయు దీర్ఘమగు నాగస్వరమునకు సంబంధించినది. పూర్వము తిమిరి యను పొట్టివాద్యము, హెచ్చుశ్రుతిది, ప్రచారమున నుండెను, టి.ఎన్. రాజరత్నం పిళ్ళ (1898-1956) గారు బారి యను పొడవైన, తగ్గుశ్రుతిగల వాద్యమును బ్రచారము చేసినపిమ్మట నదియే ప్రమాణ మైనది. దానిని జేయువారు కుంభకోణముకడ నరసింగంపేటలో నున్నారు; 2022లో నా వాద్యమునకు భౌగోళికచిహ్నము లభించినది. కొయ్య, అఱవమున ఆచ్చా, మన నారయేపి.

బారి వచ్చి మన తెలుగు సన్నాయిల ప్రాతశ్రుతి యేదో మఱపించినది. కృష్ణాతీరపు మెరకసీమలో, నూఱేండ్లక్రింద, వేదాద్రి నరసింహుని కల్యాణమునకో పెనుగంచిప్రోలు తిరునాళ్ళకో పోయిన మేళము ఏ శ్రుతిలో బలికెను? పుస్తకము చెప్పదు. పాటలు నిలిచినను పాట శ్రుతిని జెప్పదు. సన్నాయి గూడ నిశ్చయముగా జెప్పదు. పెదవి యొత్తిడితో శ్రుతి యటునిటు పోవును. ఒత్తు చెప్పును. దాని రంధ్రములు వ్రేళ్ళకు గావు. మైనము పెట్టినవాడు మేళపు షడ్జమము నిర్ణయించియే పెట్టినాడు.

జగ్గయ్యపేట స్తూపమును 1882లో బర్జెస్ పరిశోధించినపుడు, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవర్షమున సిద్ధార్థు డను శిల్పి స్తంభములు నిలిపినట్లు శాసనము బయలుపడినది. ఆ శిల్పి పేరు నిలిచినది ఱాతిమీద జెక్కుటచే. మేళగాని శ్రుతి నిలిచినది మైనముమీద. కావుననే ప్రాతమేళముల యిండ్ల యటుకలమీద నొత్తు లెచటనైన మిగిలియున్నచో, వానిని శుభ్రము చేయుపేర మైనము గీకివేయరాదు. పొడవు, లోపలి వెడల్పు, అడుగురంధ్రముల దూరము, ఏ రంధ్ర మెంతవఱకు మూయబడినది యను లెక్కలు ముందుగా వ్రాసికొనవలెను. పీక మాఱినచో శ్రుతి కొంత మాఱును గాన, ఒక్క యొత్తుతో సిద్ధాంతము చేయరాదు. నందిగామవైపున రెండు, జగ్గయ్యపేటవైపున రెండు దొరకి, నాలుగును దగ్గఱదగ్గఱగా బలికినచో నది ప్రమాణము. ఆ శ్రుతి తిమిరికి జేరునో, బారికి జేరునో, గంగిరెద్దులవాని పొట్టిసన్నాయికి జేరునో యప్పుడు తేలును.