బ్యాటరీ వెనక సూపర్ కండక్టర్

లిథియం బ్యాటరీ కథ చెప్పమంటే అందరూ 1973 చమురు సంక్షోభంతో మొదలెడతారు. అది అబద్ధమేం కాదు గానీ, నాకు నచ్చిన మొదలు వేరే ఉంది.

టాంటలమ్ డైసల్ఫైడ్ అని ఒక పదార్థం. పూతరేకులా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొరలో మధ్యన టాంటలమ్, పైనా కిందా గంధకం. పొర లోపల బంధాలు గట్టివి, పొరకీ పొరకీ మధ్య పట్టు మాత్రం అంతంతమాత్రం. దీన్ని 0.8 కెల్విన్ దాకా, అంటే మైనస్ 272 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందకి చల్లబరిస్తే సూపర్ కండక్టర్ అవుతుంది. కరెంటుకి నిరోధం సున్నా అన్నమాట. 1970లో గాంబుల్, గెబాల్ తదితరులు ఆ పొరల మధ్యకి పిరిడిన్ అణువుల్ని దూర్చారు. పొరలు ఎడమైతే ఆ గుణం పోతుందేమో అనుకుంటాం కదా? పోకపోగా, ఆ ఉష్ణోగ్రత సుమారు 3.5 కెల్విన్‌కి పెరిగింది!

అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న స్టాన్లీ విటింగ్‌హామ్ 1972లో ఎక్సాన్ కంపెనీకి వెళ్ళాడు. అక్కడ కూడా పని సూపర్ కండక్టర్ల మీదే. ఇదే పదార్థంలోకి రకరకాల అయాన్లు దూర్చి చూస్తుంటే, పొటాషియం దగ్గర బోలెడంత శక్తి కనబడింది. వోల్టేజి కొలిస్తే రెండు వోల్టుల దాకా వచ్చింది. వాళ్ళు వెతుకుతున్న ప్రశ్నకి అది జవాబు కాదు. నేనైతే లాగ్ ఫైల్లో ఇలాంటి వార్నింగ్ కనిపిస్తే చూడనట్టు ముందుకెళ్ళిపోతాను :) ఆయన మాత్రం అసలు పని పక్కన పెట్టి దాని వెంట పడ్డాడు. మా ఆఫీసు టైమ్‌షీట్లో అయితే ఆ గంటల్ని ఏ ప్రాజెక్టు కోడ్ కింద రాసుకునేవాడో!

టాంటలమ్ బరువెక్కువ కాబట్టి టైటానియం వచ్చింది, రెండోవైపు లిథియం లోహం వచ్చింది. బ్యాటరీ పనిచేసింది, కానీ తరచూ అంటుకునేది. ఫైరింజన్ వాళ్ళు విసిగిపోయి, మంటలార్పే ప్రత్యేక రసాయనాల ఖర్చు మీరే కట్టుకోండని బెదిరించారట. 1980ల మొదట్లో చమురు ధర పడిపోగానే ఎక్సాన్ ఆ పని ఆపేసింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తర్వాతది అందరికీ తెలిసిందే. 1980లో గుడెనఫ్ గంధకం బదులు ఆక్సిజన్ వాడి, కోబాల్ట్ ఆక్సైడ్‌తో 4 వోల్టులు తెచ్చాడు. కిటుకు అదే, పొరల్లోకి అయాన్లు దూర్చడం. 1985లో యోషినో లిథియం లోహాన్నే తీసేశాడు, 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. 2019లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

అన్నట్టు, టాంటలమ్ డైసల్ఫైడ్ మన ఫోన్ బ్యాటరీల దాకా రాలేదు. ల్యాబుల్లో దాన్ని చల్లబరచడం మాత్రం మానలేదు. 2016లో దాన్ని కొన్ని నానోమీటర్ల మందానికి చీల్చి చూస్తే, సూపర్ కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత మళ్ళీ పెరిగింది, ఈసారి పొరల మధ్య ఏమీ దూర్చకుండానే.