పదహారిళ్ళ మజ్జిగ

ఇట్టా దగ్గరికి జరగండర్రా, పొగ అటు పోతోంది. ఆ తాటిమట్ట కాస్త లోపలికి తొయ్యి నాన్నా. మీ బళ్ళో లెక్కల పోటీ పెట్టారంటున్నారుగా, మా చిన్నప్పటి పోటీ ముచ్చట చెబుతా వినండి.

సంక్రాంతి సెలవలిచ్చే ముందు మా ఊరి పిల్లలకీ, కాలవ అవతలి ఊరి పిల్లలకీ నోటిలెక్కల పోటీ జరిగేది. పలక ముట్టుకోకూడదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడాలి. బడి అరుగు మీద మాస్టారు, ఆయన పక్కన కరణంగారు, కొట్టు శెట్టిగారు. లెక్క చెప్పినవాడు వరసలో ముందుకొస్తాడు, చెప్పలేనివాడు వెనక్కి పోతాడు. ఆఖరికి ముందెవరుంటే వాళ్ళకి కొత్త పలకా, పెద్ద బాలశిక్షా.

మాకు ఇరవయ్యో ఎక్కం దాకా ఒక ఎత్తు, ఆ పైన కాలు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక, వీసం ఎక్కాలు ఇంకో ఎత్తు. రూపాయికి 16 అణాలు, అణాకి 4 కాణీలు. పదహారో ఎక్కం రాకపోతే కొట్లో చిల్లర సరిచూసుకోవడం కుదరదు. తూకానికొస్తే 3 తులాలు పలం, 40 పలాలు వీశె, 8 వీశెలు మణుగు. ధాన్యానికి 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. కల్లంలో పెద్దవాళ్ళు కొలుస్తుంటే పక్కన కూర్చుని ఎంచినవాళ్ళం, పుట్టికి ఎన్ని కుంచాలంటే నిద్దట్లో లేపి అడిగినా ఎనభై అనేవాళ్ళం.

ప్రశ్నలు కూడా అట్టాగే ఉండేవి. "రూపాయికి మూడు వీశెల బెల్లం. అణాకి ఎన్ని పలాలు?" అని శెట్టిగారు అడిగేవాడు. మూడు వీశెలంటే నూట ఇరవై పలాలు. పదహారేళ్ళు నూట పన్నెండు, మిగిలిన ఎనిమిది పదహారులో సగం. ఏడున్నర పలాలు! ఇంతా ఊపిరి పీల్చి వదిలే లోపల అయిపోవాలి. మా మాస్టారికి ఇదంటే ప్రాణం. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది.

ఇక అసలు ముచ్చట. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలన్నారు. పాత డబ్బులూ కొత్త డబ్బులూ కొన్నేళ్ళు కలిసే నడిచాయి. పదహారుతో నూరుని భాగిస్తే ఆరుంపావు. పావు పైసా ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని అణాకి 6 నయాపైసలు, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని పట్టిక కట్టారు. ఆ కాగితం శెట్టిగారి కొట్టు గుంజకి అంటించి ఉండేది.

ఆ తరవాత వచ్చిన సంక్రాంతి పోటీలో మాస్టారు ఆఖరి లెక్క అడిగారు. "ఒకావిడ పదహారిళ్ళకి అణా మజ్జిగ చొప్పున పోసింది. అందరూ నయాపైసల్లో ఇచ్చారు. ఎంతొచ్చింది?"

వరసంతా ఒక్క గొంతుతో "రూపాయి!" అంది. కరణంగారు కూడా తలూపాడు.

వరస మధ్యలోంచి ఒక పిల్ల, మూడో తరగతి, "కాదండీ, తొంభై ఆరు నయాపైసలు" అంది. వాళ్ళ అవ్వ మజ్జిగ అమ్మేది. పొద్దుటే బుంగ వెనకాల చెంబు పట్టుకుని నడిచేది ఈ పిల్లే.

"మిగతా నాలుగూ ఏమయ్యాయమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇంటింటికీ పావు పైసా పోయిందండీ. పదహారు పావులు నాలుగు. మా అవ్వకి రోజూ తగ్గుతోంది."

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు అరుగు దిగి ఆ పిల్ల దగ్గరికొచ్చి, "మరేం చెయ్యాలి తల్లీ?" అని అడిగారు.

"ఏ రోజుకా రోజు పుచ్చుకోకూడదండీ. నాలుగు రోజులకోసారి పావలా పుచ్చుకోవాలి. అప్పుడు ఇరవై ఐదు నిండుగా వస్తాయి."

నాకు ఇన్నేళ్ళకీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పట్టిక ఊరందరి కళ్ళ ముందూ ఉంది. అందులో ముసలావిడ నాలుగు పైసలు జారిపోతున్నాయని పట్టుకున్నది ఆ పసిదొక్కతే. పలకా, బాలశిక్షా ఆ పిల్లకే ఇచ్చారు. శెట్టిగారు తన వంతుగా బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి మా అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, నాలుగు గీతలు నిండగానే పావలా ఇచ్చేది. మా వీధిలో చాలా ఇళ్ళ గోడలకి ఆ గీతలు ఉండేవి.

ఏం రా, నిద్రొస్తోందా? ఒక్క లెక్క చెప్పి పడుకోండి. కాగితం వద్దు, ఫోను అసలే వద్దు. ఆ అవ్వ పదహారిళ్ళకీ మూడేసి అణాల మజ్జిగ పోసి, పట్టిక ప్రకారం నయాపైసల్లో పుచ్చుకుంది. ఈసారి మిగిలింది ఎవరికి, ఎంత?