తీగకు కరెంటు ఎవరిచ్చారు?

ఒంటి తీగవాద్యానికి కచేరీ జరుగుతుండగానే ఎలక్ట్రానిక్ ధ్వనిని జోడించే సంగీతం అనగానే పారిస్ గుర్తుకు రావడం సహజం. అక్కడి ఇర్కామ్ సంస్థలో స్వరకర్త పియర్ బులెజ్ 1997లో 'ఆంథెమ్ 2' తయారుచేశాడు. ఒకే ఒక్క వయొలిన్ మోగుతుంటే కంప్యూటర్ దాన్ని వింటూ, ఆ స్వరాలనే మార్చి అప్పటికప్పుడు హాలు నలుమూలలకూ పంపుతుంది. తెలుగువాడి తీగకూ ఇలాంటి పొత్తు కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' ఆల్బమ్‌ను ఇంగ్లండ్‌లోని రియల్ వరల్డ్ సంస్థ 1995లోనే విడుదల చేసింది. మరి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఎల్లమ్మ కథకు తోడుగా మోగే జమిడిక ఈ దారికి ఎందుకు రాలేదు? వాద్యం మోటుదనమో, వాయించేవాళ్ల సంప్రదాయ పట్టుదలో కారణమనడం తేలిక. అది నిజం కాదని, ఎవరు డబ్బు పెట్టారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్నదే దీన్ని తేల్చిందని నా వాదన.

జమిడిక నిర్మాణంలోనే దానికి అర్హత ఉంది. ఒకవైపు తోలు మూసిన గుండ్రటి గొట్టం, తోలు నడిమధ్య నుంచి సాగే తీగ, దాని కొసన పట్టుకోవడానికి చిన్న పిడి. ఒక చేత్తో లాగి, మరో చేత్తో మీటుతారు. లాగుడు బిగిస్తే స్వరం పైకి పాకుతుంది, వదిలితే కిందికి జారుతుంది. మెట్లు లేవు, కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య గోడలూ లేవు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారు కథలో కోపం వచ్చినచోట ఒకలా, ఏడుపు వచ్చినచోట ఇంకోలా ఆ జారుడును వాడుకుంటారు. ఇది డప్పు జాతిదే కదా, తీగవాద్యం ఎలా అవుతుందని అడగవచ్చు. తోలు ఉన్నమాట నిజమే. కానీ తోలు ఇక్కడ చేసేది వీణకు కుండ చేసే పనే: ధ్వనిని పెంచుతుంది. స్వరాన్ని నిర్ణయించేది మాత్రం తీగ బిగువు.

దీనికి పోలికగా మాండొలిన్‌ను తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఆ వాద్యానికి అసలు ఉండేవి ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా. మీటిన మరుక్షణం నాదం ఆరిపోతుంది, గమకం పలికేలోపు తీగ మూగబోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అప్పుడు ఒకే తీగను లాగి ఊపడం వీలైంది, ఆరిపోయే నాదాన్ని పికప్ పట్టి నిలబెట్టింది. 1978లో గుడివాడలో తొమ్మిదేళ్ల పిల్లవాడిగా తొలి కచేరీ, 1981లో మద్రాసు. పరాయి వాద్యం, పైగా కరెంటుది, దీనిమీద కర్ణాటక సంగీతమా అని ముఖం చిట్లించినవాళ్లు లేకపోలేదు. అయినా సభలు పిలిచాయి, రికార్డింగ్ సంస్థలు వెంటపడ్డాయి, 1998లో పద్మశ్రీ వచ్చింది. వాద్యాన్ని మార్చుకోవడానికి కావలసిన వెసులుబాటు ఆ ఆదరణతోనే వచ్చింది. కరెంటు తగిలితే సంప్రదాయం చెడుతుందనేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడదు.

సూర్యాపేట వైపు కథ వేరు. ఇక్కడి తీగకు పెద్ద గుర్తింపు తెచ్చింది రాజకీయం. భుజాన తంబురతో చెప్పే బుర్రకథ జనాన్ని రెచ్చగొడుతోందని నిజాం ప్రభుత్వం నిషేధించింది. సుద్దాల హనుమంతు లాంటివాళ్లు బుర్రకథనూ గొల్లసుద్దులనూ తెలంగాణ సాయుధ పోరాటానికి పాటల దళాలుగా మార్చారు. ఆ కాలంలో కావలసింది మాట ఊరంతా వినబడడం. తర్వాత మైకు వచ్చినప్పుడు అదే తర్కంతో గొంతు ముందు నిలబడింది, తీగ వాటాకు మిగిలిందేదో వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పరుచుకుంది, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. చేతిలో డబ్బు ఆడినచోట పండుగలూ పెద్దవవుతాయి. కానీ అద్దె మైకుసెట్టుకు పెట్టే ఖర్చు వాయిద్యకారుడి చేతిలోని వాద్యం దాకా చేరే దారి లేదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరలో భేరీల మోత మధ్య తీగ వినబడాలంటే కరెంటు తప్పనిసరి. అక్కడా కరెంటు దక్కేది ప్రకటనలకూ పాటలకూ.

మైకు కూడా ఎలక్ట్రానిక్ సాధనమే కదా, జమిడికకు అది ఎప్పుడో అందింది కదా అనవచ్చు. అందింది, ఒప్పుకుంటాను. ముందు నిలబెట్టిన మైకు ధ్వనిని పెంచుతుంది గానీ వాయించేవాడి చేతిని మార్చదు. బులెజ్ వయొలిన్‌కూ శ్రీనివాస్ మాండొలిన్‌కూ జరిగింది వేరు: యంత్రం ఏం చేయగలదో తెలిశాక వేళ్ల పని మారింది. అలా మారాలంటే సాధన చేసుకునేందుకు సామాను తనదై ఉండాలి. ఒక రాత్రికి అద్దెకొచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే సెట్టుతో ఆ పని జరగదు. మరో తీగవాద్యం కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ రావడం మంచిదే. అయితే ఆ కిన్నెర ఊరూరికీ చేరింది అంతకుముందు ఏడాది వచ్చిన సినిమా పాట వల్ల, అంటే మళ్లీ స్టూడియో వాళ్ల చేతిలోని కరెంటు వల్ల.

చట్టం సంగతీ చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లను ఆపమంటాయి. రోగులూ పిల్లలూ నిద్రపోవాలి, నిబంధన సబబే. ఏడాదిలో కొన్ని పండుగ రోజులకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఎల్లమ్మ కథ మాత్రం తెల్లవార్లూ సాగేది, అసలు ఘట్టాలు అర్ధరాత్రి దాటాకే వస్తాయి. అదే నిబంధన ఆడిటోరియంలకూ కమ్యూనిటీ హాళ్లకూ, నాలుగు గోడల మధ్య వాడుకునే మేరకు, మినహాయింపు ఇస్తుంది. మాండొలిన్ కచేరీ జరిగేది హాల్లో, బైండ్ల కథ జరిగేది వాకిట్లో.